నలుగురికి గదులు

అమ్మ కోరిక చిన్నదే. లోరిస్ పోయి ఏడాది నిండే రోజున కొండల కింద ఉన్న బెల్లూనో ఊరి చర్చిలో ప్రార్థన చేయించాలి. ముందురోజే వెళ్లి అక్కడ ఏదైనా హోటల్లో మూడు రాత్రులు ఉండాలి. పొద్దున కళ్లు తెరవగానే కిటికీలోంచి కొండ కనిపించాలి.

"వాడింకా అక్కడే ఉన్నాడు కదరా. రానివాణ్ణి మనమే వెళ్లి పలకరించాలి," అంది.

లోరిస్ నా తమ్ముడు. కిందటి నవంబరులో స్కియారా కొండ మీద పొగమంచులో తప్పిపోయాడు. హెలికాప్టర్లు వచ్చాయి, కుక్కలు వచ్చాయి, తాళ్లు కట్టుకుని లోయల్లోకి దిగే మనుషులు వచ్చారు. పదకొండు రోజులు వెతికారు. తర్వాత మంచు కురిసింది, ఆపేశారు. శవం లేదు గనక సమాధి లేదు. సమాధి లేదు గనక అమ్మకి పువ్వులు పెట్టుకునే చోటు లేదు.

నాకు ఏడుపు రాలేదు. అప్పుడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే చెంప మొద్దుబారుతుంది చూశారా, ఏడాదిగా నా ఒళ్లంతా అలాగే ఉంది. లిఫ్టులు బాగుచేసే పని నాది. వెళ్తాను, తీగలు చూస్తాను, నూనె పెడతాను, ఇంటికొస్తాను. ఎవరైనా "ఎలా ఉన్నావు ఎర్మెస్?" అంటే "బానే ఉన్నా" అంటాను. అది అబద్ధమని కూడా అనిపించదు.

"నువ్వే స్వయంగా వెళ్లి చూసి రా అన్నయ్యా," అంది చెల్లెలు మిలేనా. "ఫోన్లో అడిగితే అందరూ అన్నీ ఉన్నాయనే అంటారు. తీరా వెళ్లాక ఇరవై మెట్లు తేలతాయి. అమ్మ ఆ వాకర్‌తో ఎక్కగలదా, చెప్పు."

అలా అక్టోబరు చివరి శనివారం మా ఊరు ట్రెవీజో నుంచి కారులో ఒక్కణ్ణే బయల్దేరాను.

మధ్యాహ్నం రెండు హోటళ్లు చూశాను. ఒకదాంట్లో లిఫ్టు ఉంది గానీ, వాకర్ తలుపు దగ్గరే ఆగిపోయేంత ఇరుకు. రెండోదాంట్లో కొండవైపు గదులన్నీ పై అంతస్తులో ఉన్నాయి. మూడోది పాత వంతెన దగ్గర, కింద పియావె నది శబ్దం వినిపించేచోట ఉంది. అక్కడికి వెళ్లేసరికి నాలుగున్నర. వెలుతురు పల్చబడుతోంది. వీధిలో ఎవరింట్లోంచో కట్టెల పొగ, ఉడుకుతున్న క్యాబేజీ వాసన. లోపల నేలకి రాసిన మైనం వాసన. మెట్లు చూశాను. లిఫ్టు లేదు. ఆ పనిలో ఉన్నవాణ్ణి గనక ముందు అదే చూస్తాను.

బల్ల వెనక డెబ్భై ఏళ్ల ఆవిడ ఇస్త్రీ చేసిన దిండు గలీబులు మడతపెడుతోంది. కళ్లద్దాలు మెడలో తాడుకి వేలాడుతున్నాయి. పేరు ఆగ్నెసే అని తర్వాత తెలిసింది.

"గదులు కావాలండీ. వచ్చే నెల పదకొండు నుంచి మూడు రాత్రులు. మా అమ్మ మెట్లెక్కలేదు, అందుకని..."

"కింద గదే ఉంచాను బాబూ," అంది ఆవిడ చేతిలో పని ఆపకుండా. "కిటికీ కొండవైపే. స్నానాల గదిలో పట్టుకోడానికి కమ్మీ ఉంది. కుడి మోకాలే కదా ఆవిడకి?"

"మీకెలా తెలుసు?"

"పొద్దున మీ తమ్ముడు వచ్చి మాట్లాడి వెళ్లాడుగా! ఎంత శ్రద్ధో ఆ అబ్బాయికి. మా కొడుకులున్నారు ఇద్దరు, దండగ మనుషులు. నాకు నొప్పి ఏ కాలికో కూడా చెప్పలేరు."

"ఎవరినో చూసి పొరబడ్డారు. నాకు తమ్ముడు లేడు," అన్నాను. తర్వాత సరిదిద్దుకున్నాను. "ఇప్పుడు లేడు."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని నన్ను చూసింది. నవ్వింది.

"గొడవ పడ్డారా ఏంటి? ఆ కళ్లు చూస్తే తెలీడం లేదూ! నువ్వు గుమ్మంలో అడుగు పెట్టగానే పోల్చుకున్నాను."

పుస్తకం నా వైపు తిప్పింది. పెన్సిల్‌తో రాసి ఉంది. కింద గది, అమ్మ. పడుకునేముందు నిమ్మపువ్వు కషాయం, తేనె వేసి, చల్లారబెట్టి. పక్క గది, చెల్లెలు. చలి ఎక్కువ, రెండు రగ్గులు. పైన పద్నాలుగో గది, అన్నదమ్ములు. రెండు మంచాలు. మొత్తం నలుగురు.

ఎవరైనా ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాను. లోరిస్ సంగతి పేపర్లలో వచ్చింది. కానీ అమ్మ కషాయం చల్లారబెట్టి తాగుతుందని ఏ పేపరు రాస్తుంది?

మిలేనాకి ఫోన్ చేశాను. "ఇక్కడికి నువ్వెవరినైనా పంపావా?"

"నేనెవర్ని పంపుతాను? నీకు మతి పోయిందా? ఏమైంది అన్నయ్యా, గొంతు అలా ఉందేం?"

"ఏం లేదు. బానే ఉన్నా," అని పెట్టేశాను.

"ఎలా ఉన్నాడు ఆ మనిషి?" అని ఆవిడని అడిగాను.

"ఎలా ఉంటాడు, తడిసి ముద్దై ఉన్నాడు. బయట చుక్క వాన లేదు, ఒంటి మీంచి నీళ్లు కారుతున్నాయి. కూర్చో బాబూ అంటే కూర్చోలేదు, మీ కుర్చీ పాడైపోతుంది అన్నాడు. చేతి తొడుగులు కూడా తీయలేదు. సంతకం పెట్టమంటే వేళ్లు వంగడం లేదు, మీరే రాయండమ్మా అన్నాడు. వేడిగా సూపు పోస్తే గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చల్లారిపోయాక తిరిగి ఇచ్చేశాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"కాస్త తిరిగొస్తాను అన్నాడు. నువ్వొస్తే పద్నాలుగులో కూర్చోబెట్టమన్నాడు." ఆవిడ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. "ఆఁ, మరిచాను. నీకో మాట చెప్పమన్నాడు. ఏదో మీ ఇద్దరి మధ్య పరాచికం అనుకుంటా, నాకర్థం కాలేదు. 'ఈసారి నేను వచ్చేదాకా కదలొద్దని చెప్పండి' అన్నాడు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది పోలీసులకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు, మిలేనాకి చెప్పలేదు.

ఆ రోజు కొండ మీద మేమిద్దరం ఉన్నాం. పొగమంచు ముందే కమ్మింది. దారి గుర్తులు కనబడలేదు. లోరిస్ నన్ను ఒక పెద్ద రాయి దగ్గర నిలబెట్టాడు. "నువ్విక్కడే ఉండు. నేను ముందుకెళ్లి దారి చూసొస్తా. మధ్యమధ్య అరుస్తా, నువ్వు పలుకు. నీ గొంతు వింటూ వెనక్కొచ్చేస్తా," అన్నాడు. వాడు అరిచాడు. "అన్నయ్యా, అక్కడే ఉన్నావా?" ఉన్నానురా అన్నాను. కాసేపటికి మళ్లీ అరిచాడు. మళ్లీ పలికాను. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. నా కాళ్లు గడ్డకట్టాయి. భయమేసింది. ఒక్కసారి పొగమంచు విడిపోయి కిందకి దిగే దారి కనబడింది. దిగడం మొదలుపెట్టాను. చాలా కిందకి వచ్చాక... పైనించి మూడోసారి వినిపించింది. "అన్నయ్యా, అక్కడే ఉన్నావా?"

నేను పలకలేదు. పలికితే మళ్లీ పైకి ఎక్కాలి.

పోలీసులతో మాత్రం, వాడు నన్ను దాటి ముందుకెళ్లిపోయాడు, ఆ తర్వాత అరుపులేవీ వినలేదు అని చెప్పాను.

తాళంచెవి తీసుకుని పద్నాలుగుకి వెళ్లాను. ఎందుకు వెళ్లావని అడిగితే చెప్పలేను. వెనక్కి తిరిగి కారెక్కి ఉండాల్సింది. కానీ మొద్దుబారిన మనిషికి వెళ్లడం, ఉండడం రెండూ ఒకటే. కాళ్లు మెట్లవైపు నడిచాయి, వాటి వెనకే నేను.

చిన్న గది. గోడకి ఆనించి చెరో వైపు ఒక మంచం. మధ్యలో అద్దాల తలుపు, దాని అవతల సన్నటి వరండా, అక్కణ్ణించి పెరట్లోకి దిగే ఇనుప మెట్లు. స్కియారా ఎదురుగా ఉంది. పై అంచున మాత్రం కాస్త గులాబీరంగు మిగిలింది, కిందంతా నలుపు. గదిలో తడిసిన ఉన్ని వాసన. దాని కింద ఇంకో వాసన... ఎండ తగలని రాయి వాసన. కొండ చీలికలో ముఖం పెట్టి పీలిస్తే వచ్చేది.

ఎడమవైపు మంచం మీద దుప్పటి నలిగి ఉంది. చేయి పెట్టాను. నీళ్లోడుతోంది. మనిషి పడుకున్న గుంట అలాగే ఉంది, ఆ గుంటలో చేతివేళ్లు జివ్వుమనేంత చల్లదనం.

కుడివైపు మంచం నాకోసం. దుప్పటి ఒక మూల మడిచి పెట్టారు. లోపల రబ్బరు సంచీలో వేడినీళ్లు. ముట్టుకున్నాను, ఇంకా వేడిగానే ఉంది. చిన్నప్పుడు నా కాళ్లు చల్లబడితే తన సంచీ నా పక్కలోకి తోసేవాడు లోరిస్.

ఆ మంచం అంచున కూర్చున్నాను. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమో అని చూశాను. రాలేదు. అద్దాల అవతల గులాబీరంగు ఆరిపోయింది. దీపం వేయాలనిపించలేదు. నది శబ్దం ఒక్కటే వినిపిస్తోంది. చర్చి గంట ఐదు కొట్టింది.

కింద తలుపు తెరుచుకుంది.

"వచ్చావా బాబూ! మీ అన్నయ్య వచ్చాడు, పైనున్నాడు," అంది ఆగ్నెసే గొంతు.



మెట్ల మీద అడుగులు. బరువైన బూట్లు. ఒక అడుగు పడుతోంది... రెండోది ఈడుస్తోంది. ఒక అడుగు... మళ్లీ ఈడుపు. తొందర లేదు. ప్రతి మెట్టుకీ కాసిన్ని నీళ్లు కారిన చప్పుడు.

మెట్ల మలుపు దగ్గర ఆగాయి.

ఊపిరి వినబడింది. చాలా దూరం ఎక్కి వచ్చినవాడి ఊపిరి.

అప్పుడు గుసగుసగా...

"అన్నయ్యా... అక్కడే ఉన్నావా?"

నోరు తెరిచాను. ఉన్నానురా అనాలి. ఒక్క మాట. తలుపు అవతల ఉన్నది ఎవరైనా, ఏదైనా, అది అడిగింది అంతే. నాలుక కదల్లేదు.

"అన్నయ్యా..."

లేచాను. చప్పుడు కాకుండా అద్దాల తలుపు తీశాను. ఇనుప మెట్లు చల్లగా ఉన్నాయి, చేయి అంటుకుంది. దిగాను. సగం మెట్లు దిగాక పైన గది తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. తర్వాత... మంచం కిర్రుమంది. ఎవరో కూర్చున్నట్టు. నేను తలెత్తలేదు. పెరడు దాటాను, సందు దాటాను, కారెక్కాను. ఇంటికొచ్చేదాకా ఎక్కడా ఆగలేదు.

"హోటల్లో ఖాళీ లేదమ్మా," అన్నాను.

"అంత ఊళ్లో ఒక్క గది లేదా?" అంది అమ్మ. వాకర్ తిప్పుకుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

సోమవారం ఆ హోటల్‌కి ఫోన్ చేసి, మేం రావడం లేదని చెప్పాను. నేను చెప్పకుండా వెళ్లిపోయినందుకు ఆగ్నెసే తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"తెల్లారేదాకా కూర్చున్నాడు బాబూ," అంది. "దీపం కూడా వేసుకోలేదు. వెళ్లేటప్పుడు నాకే మనసొప్పలేదు, మీ అన్నయ్య అలా వెళ్లిపోయాడేంటి అన్నాను. ఏమాత్రం కోప్పడలేదు. 'మా అన్నయ్యకి అలవాటేలెండి' అన్నాడు."

ఏడాది ప్రార్థన మా ఊరి చర్చిలోనే చేయించాం. అమ్మ మొదటి వరసలో కూర్చుని ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

జూన్‌లో, మంచు కరిగాక, స్కియారా ఎక్కుతున్న ఇద్దరు ఒక లోతైన చీలికలో నీలంరంగు జాకెట్ చూశారు. కబురు రాగానే బెల్లూనో వెళ్లాను. మిలేనా వస్తానంది, వద్దన్నాను. చీలికలోంచి శవాన్ని పైకి తీసిన రెంజో అనే నడివయసు మనిషి నాతోపాటు శవాలుంచే చల్లటి గదిలోకి వచ్చాడు.

"ఏణ్ణర్థంపైగా మంచులో ఉన్నాడు, అందుకే పాడవలేదు," అన్నాడు. గొంతు తగ్గించి, "ఒక్క విషయం మాత్రం మా కాగితాల్లో రాయలేదు. ఏమని రాయాలో తెలీలేదు. మీరే చూడండి," అని ముఖం మీది గుడ్డ తీశాడు.

లోరిస్‌కి గడ్డం ఉండేది. పదిహేడేళ్లుగా తీయలేదు. పండక్కైనా ఆ గడ్డం తీసి మనిషిలా ఇంటికి రారా అని అమ్మ పోరేది, వాడు నవ్వేసేవాడు. కొండెక్కిన రోజున ఆ గడ్డం నిండా మంచు పట్టడం నేనే చూశాను.

ఇప్పుడు చెంపలు నున్నగా ఉన్నాయి. దగ్గరికి వంగితే సబ్బు వాసన. దవడ కింద కత్తి గీసుకున్నచోట రక్తం ఆగడానికి అంటించుకున్న చిన్న కాగితం ముక్క.

రెంజో గోటితో దాన్ని మెల్లగా తీశాడు. కింద గాటులోంచి ఒక చుక్క ఊరింది. ఎర్రగా, వేడిగా.