ఎదురు ముళ్లు

సర్కారు చేపల వేట ఆపేసిన నెలలవి. పడవలన్నీ ఇసుక మీదికి లాగి ఉన్నాయి. కళింగపట్నం దాటాక వచ్చే ఆ పేటలో మగాళ్లంతా అరుగుల మీద కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. గురమ్మ ఇంటి అరుగు మీద కూడా చాలా ఏళ్ల తర్వాత వల పరిచారు. పరిచింది ఎవరో కాదు, ఆమె మొగుడు సోములే. నిన్నమొన్నటి దాకా గంజి గ్లాసు పట్టుకుంటే సగం ఒంటి మీద పోసుకున్న మనిషి.

పార్కిన్సన్ జబ్బు అన్నారు డాక్టర్లు. చేతులు, గడ్డం, ఆఖరికి నాలుక కూడా వణికేది. మాత్రలు మింగీ మింగీ అవీ పనిచెయ్యడం మానేశాక విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. మనిషిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూనే పుర్రెకి చిల్లులు పెట్టి, మెదడులోకి సన్నటి తీగలు దించారు. ఛాతీ చర్మం కింద అగ్గిపెట్టెంత బ్యాటరీ పెట్టి, దానికో రిమోట్ చేతికిచ్చారు. వణుకు అన్నది లేకుండా ఇంటికొచ్చాడు సోములు. పేట పేటంతా చూడ్డానికొచ్చి ముక్కున వేలేసుకుంది.

సంతోషించాల్సిన గురమ్మకి మాత్రం కడుపు మండిపోతోంది. మండదా మరి?

సోములు మొదట ఆమె అక్క అసిరమ్మ మొగుడు. అక్క పోయాక పెద్దలు చెల్లెల్ని ఇచ్చి కట్టబెట్టారు. కాపురానికైతే వచ్చింది గానీ, ఆ ఇంట్లో పులుసు పెడితే సోములుకి అక్క పులుసు గుర్తొచ్చేది, నవ్వితే అక్క నవ్వు గుర్తొచ్చేది. మట్టిబొమ్మైనా సవతి సవతే అంటారు. బతికున్న సవతైతే జుట్టు పట్టుకుని పోట్లాడొచ్చు, పోయినదాన్ని ఏం చేస్తాం? వణుకు వచ్చాకే సోములు గురమ్మవాడయ్యాడు. ముద్ద తినిపించాలన్నా, చొక్కా బొత్తాం పెట్టాలన్నా "గురమ్మా" అనేవాడు. ఆ పిలుపు కోసం ఎంత చాకిరీ అయినా చేసింది. రోగం పోవాలని మొక్కుకుంది కూడా. రోగంతో పాటు తనూ అక్కర్లేకుండా పోతుందని అనుకోలేదు పాపం.

ఆ సాయంత్రం మబ్బు పట్టి పొద్దుండగానే చీకటి కమ్మింది. ఆకు కదలడం లేదు. ఎండుచేపల వాసన అరుగంతా ఆవరించింది. సముద్రం ఒక్కటే హోరుమంటోంది. కరెంటు పోతే గురమ్మ బుడ్డిదీపం వెలిగించి బయటికి తెచ్చింది. సోములు నులకమంచం మీద అటు తిరిగి కూర్చుని వల అల్లుతున్నాడు. దారం రాసుకునే చప్పుడు... సర్... సర్...

"సీకట్లో ఏటి కనిపిస్తాది బావా? ఉంచియ్యి."

సోములు చెయ్యి ఆగలేదు.

మంచం మీద అతనికి కాస్త ఎడంగా కూర్చుని, దీపం ఎత్తి చూసింది. ముళ్లన్నీ ఎదురు తిరిగి ఉన్నాయి. వలల మధ్య పుట్టినవాళ్లకి ముడి చూస్తే అల్లిందెవరో తెలిసిపోతుంది. సోములుది కుడిచేతి ముడి. ఇవి పుర్రచేత్తో, ఎడమచేత్తో వేసినవి. ఆ పేటలో పుర్రచేత్తో వల అల్లిన మనిషి ఒక్కతే. అసిరమ్మ.

సోములు ఎడమచెయ్యి ఆడుతూనే ఉంది. కళ్లు మాత్రం వల మీద లేవు, సముద్రం వైపు ఉన్నాయి.

"బావా... ఎవులు నేర్పినారు నీకిది?"

"నాను అల్లట్లేదే," అన్నాడు సోములు గొంతు తగ్గించి. "అదే అల్లుకుంటన్నాది. సూడు, ఎంత బాగున్నాదో."

అతని మొహం వెలిగిపోతోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో తనవైపు ఒక్కసారైనా అలా చూశాడా? గురమ్మకి భయం కంటే ముందు ఒళ్లు మండింది. తను పస్తులుండి ఆసుపత్రి వరండాలో పడుకున్నది అక్కని మళ్లీ ఇంటికి తెచ్చుకోవడానికా?

లోపలికెళ్లి రిమోట్ తెచ్చి మళ్లీ కూర్చుంది. తాము చెప్పేదాకా ముట్టుకోవద్దన్నారు ఆసుపత్రి వాళ్లు. ముట్టుకుంటే ఏమవుతుంది, మిషన్ ఆగిపోయి వణుకు వస్తుంది. రానీ. వణికినా తన మొగుడు తనకి ఉంటాడు. బొత్తాం నొక్కింది. పచ్చదీపం వెలిగింది.

చెయ్యి ఆగింది.

ఇక "గురమ్మా" అంటాడని ఎదురుచూసింది. అనలేదు. వణకలేదు కూడా. కొయ్యలా బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఆసుపత్రి నర్సు తులసికి ఫోన్ చేసింది.

"సిస్టరమ్మా, నాను మిషన్ ఆపేసినాను. ఈయన ఉలకడు, పలకడు..."

"ఆపడమేంటమ్మా? మేం ఇంకా ఆన్ చెయ్యనే లేదుగా. కుట్లు మానాక వచ్చే నెల ఆన్ చేస్తామని చెప్పాం కదా."

"మరి వణుకు తగ్గిపోనాది..."

"తీగలు దించినచోట కొంచెం వాపు ఉంటుంది. దాంతో కొందరికి కొన్నాళ్లు దానంతటదే తగ్గుతుంది. రిమోట్ మీద దీపం ఏ రంగులో ఉంది?"

"పచ్చగా."

"అంటే... నువ్విప్పుడే ఆన్ చేశావమ్మా."

ఫోన్ ఒళ్లోకి జారిపడింది. ఇన్నాళ్లూ ఏ కరెంటూ లేకుండానే అల్లింది ఆ చెయ్యి. ఇప్పుడు దానికి కరెంటు ఇచ్చింది తనే.

సోములు మెల్లగా తల తిప్పాడు. పెదాలు కదిలాయి. ఆగాయి... మళ్లీ కదిలాయి. అప్పుడు వచ్చిన గొంతు సన్నగా, చనువుగా ఉంది. చిన్నప్పుడు తనకి జడలేస్తూ కబుర్లు చెప్పిన గొంతు.

"జరుగు సెల్లీ... ఆ సోటు నాది."

గురమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. అయినా లేవలేదు. ఈ చోటు కోసమే కదా ఇంత చాకిరీ చేసింది. మంచంపట్టె గట్టిగా పట్టుకుంది. కళ్లు మూసుకుంది.

"జరగను," అంది.

దీపం కూడా కదలడం లేదు.

ఇద్దరి మధ్యా ఖాళీగా ఉన్నచోట నులక కిర్రుమంది. ఆ తర్వాత మెల్లగా... కిందికి దిగింది.