వాపసు ఉత్తరం

"రేపు మనం యూరప్ యూనియన్ నుంచి బయటపడుతున్నాం. ఇవాళ ఎవరో మన తరఫున వెనక్కి వచ్చేస్తున్నారు," అంది గూఢచారి శాఖ చీఫ్ మిసెస్ హాథర్సేజ్.

ఏజెంట్ డెర్మట్ మాలన్ కదలకుండా విన్నాడు. వెళ్లిపోతామని నోటీసిచ్చిన దేశం గడువులోగా ఎవరి అనుమతీ లేకుండా దాన్ని వాపసు తీసుకోవచ్చని యూరప్ కోర్టు తేల్చేసింది. ఒక్క ఉత్తరం చాలు. షరతు మాత్రం ఉండకూడదు. అలాంటి ఉత్తరాన్నే ఒక విదేశీ ముఠా రిటైరైన ఇంగ్లిష్ అధికారి చేత రాయించి, ప్రధాని సంతకం ఫోర్జరీ చేయించింది. అది బ్రసెల్స్‌లోని యూనియన్ ఆఫీసులో అందినట్టు ముద్ర పడితే, అబద్ధమని తేలేలోపే లండన్ వీధుల్లో జనం తలలు పగలగొట్టుకుంటారు.

చీఫ్‌కు తెలియనిది ఒకటుంది. ఆ ఉత్తరం నిజమైతే బాగుండునని డెర్మట్‌కు ప్రాణం కొట్టుకుంటోంది. అతనిది ఐర్లండ్ సరిహద్దు పక్కనున్న న్యూరీ. తండ్రి అక్కడ కస్టమ్స్ గుమస్తా. డెర్మట్‌కు ఆరేళ్లప్పుడు ఆ కస్టమ్స్ చెక్‌పోస్టును బాంబుతో పేల్చేశారు, తండ్రితో సహా. తర్వాత్తర్వాత సరిహద్దుకు రెండువైపులా యూనియనే కావడంతో అక్కడ చెక్‌పోస్టులే లేకుండా పోయాయి. వెళ్లిపోదామని దేశం ఓటేసిన రోజు నుంచి తండ్రి టోపీ పెట్టుకుని కలలోకి వస్తున్నాడు. "ఏరా, నాకు మళ్లీ డ్యూటీ వేశారా?" అని అడుగుతున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి డెర్మట్ లిఫ్ట్ మెకానిక్ వేషంలో ఆ బ్రసెల్స్ ఆఫీసులో ఉన్నాడు. చెవిలోని ఇయర్‌ఫోన్‌లో లీస్బెత్ గొంతు వినిపించింది. "వాఫుల్స్ చల్లారాయి." ఉత్తరం లోపలికి వచ్చేసిందని దానర్థం. పైకి ముఠాకూ, లోపల చీఫ్‌కూ పనిచేసే ఆ అందగత్తే కౌంటర్ దగ్గర కవరు మార్చేయాలి. కానీ ముఠా మనిషి ఆమె వీపుకు అంటుకునే నిలబడ్డాడు. కవరు అలాగే కౌంటర్ దాటింది.

కౌంటర్‌లోని గుమస్తా ఉత్తరం విప్పి, ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. డెర్మట్ జూమ్ కళ్లద్దాలకు చివరి వాక్యం స్పష్టంగా కనిపించింది. ఒక్క మాటతో ఆపేయొచ్చు. డెర్మట్ ఆపలేదు. కౌంటర్ పక్కన, కలలోలాగే టోపీతో తండ్రి నిలబడి ఉన్నట్టనిపించింది. లండన్ వీధిలో ఇంకెవరో ఆరేళ్లవాడి తండ్రి ఇంటికి రాకపోతే?

"చివరి వాక్యం చదివారా?" అన్నాడు డెర్మట్ గుమస్తాతో.

గుమస్తా పైకే చదివాడు. "మీకు ఇబ్బంది లేదనుకుంటే, మా నోటీసు వాపసు తీసుకోవడానికి దయచేసి అంగీకరించగలరు." ముద్ర కింద పెట్టేశాడు. "ఇది వాపసు కాదు, అనుమతి అడగడం. చెల్లదు."

దొంగ ఉత్తరంలోనూ ఇంగ్లిష్ వాడు మర్యాద మానలేకపోయాడు. ముఠా మనిషిని కాపలావాళ్లు గుమ్మంలోనే పట్టుకున్నారు.

"పది సెకన్లు ఆలస్యం చేశావు. ఎందుకు?" అంది లీస్బెత్.

"మా నాన్నకు చెప్పి వచ్చాను."

ఫోన్‌లో చీఫ్ మెచ్చుకుంది, ఏం కావాలో అడగమంది. డెర్మట్ రెండు రోజులు సెలవడిగాడు.

"ఎక్కడికి?"

"ఇంటికి, మేడమ్. సరిహద్దులో మళ్లీ గేటు పెట్టేలోపు ఒకసారి అటూ ఇటూ నడిచొస్తాను."