ఎడమ చెంప మీద మచ్చ

ఆ రోజు పొద్దున్న కూడా ఫొటో స్టూడియో ఆయన రోజూలాగే షట్టర్ ఎత్తి, కెమెరా అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, వెనక వేలాడే తెల్లతెర ముడతలు సరిచేసుకున్నాడు. ముందు గది స్టూడియో, వెనక రెండు గదులూ కాపురం. మధ్యన తలుపు లేదు, ఓ నల్ల పరదా ఉంది. పరదా అవతల కూతురు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కాలు ఆడిస్తోంది. పశువైద్య కళాశాల మొదటి జాబితా పది గంటలకి పెడతామన్నారు. ఇంకా తొమ్మిదిన్నర కూడా కాలేదు.

"కాలు ఆడించకే పిట్టా, బల్ల ఊగిపోతోంది," అంది తల్లి, ఊడిన గుండీ కుడుతూ.

"ఊగనీలే అమ్మా. నా గుండె అంతకంటే ఎక్కువ ఊగుతోంది."

పిట్ట అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండకుండా కిచకిచలాడుతూ తిరిగేదని అలా పిలవడం మొదలెట్టారు, స్కూలు రిజిస్టర్‌లో తప్ప ఎక్కడికెళ్ళినా ఆ పేరే అంటుకుపోయింది. ఏడో తరగతిలో వీధికుక్క విరిగిన కాలికి కట్టు కట్టిన దగ్గర్నించీ పశువుల డాక్టర్నవుతానని ఒకటే పాట. అందుకు తగ్గట్టే చదివింది కూడా. ఈ ఆరు నెలలూ ఇంట్లో దరఖాస్తు గోలే గోల. మార్కుల పత్రాలు స్కాన్ చేయడం, టీచర్ల వెంటపడి సిఫార్సు ఉత్తరాలు రాయించుకోవడం, ఈ చదువే ఎందుకు కావాలన్న ప్రశ్నకి జవాబు పదకొండుసార్లు తిరగరాయడం, అన్నీ ఒంటిచేత్తో చేసుకుంది పాపం. తండ్రికి వదిలిపెట్టిన పని ఒక్కటే, ఫొటో.

అది ఆయనకి ఓ పనా అసలు. ఆ క్లాసులో సగం మంది దరఖాస్తు ఫొటోలు ఆయన తీసినవే. మొటిమలు తీసేయడం, కళ్ళకింద నలుపు తగ్గించడం, రేగిన జుట్టు సర్దడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

పది దాటిన రెండు నిమిషాలకి పరదా అవతల బల్ల ఊగడం ఆగిపోయింది. ఆయన చెవులు రిక్కించాడు. కేరింత వినపడలేదు.

"నా పేరు లేదు," అంది పిట్ట.

"సరిగ్గా చూడవే."

"మూడుసార్లు చూశానమ్మా. నాకంటే ఇరవై మార్కులు తక్కువొచ్చిన వాళ్ళున్నారు. నేను లేను."

ఆయన పరదా తప్పించుకుని లోపలికొచ్చాడు. జాబితా అడుగున ఇంకో చిన్న జాబితా ఉంది, పక్కన పెట్టిన దరఖాస్తులని. అందులో మూడోది పిట్టది. ఎదురుగా కారణం రాశారు: గుర్తింపు చిహ్నంగా పేర్కొన్న ఎడమ చెంప మీద మచ్చ ఫొటోలో కనిపించడం లేదు. ఫొటో అభ్యర్థిదే అని నిర్ధారణ కాలేదు.

ఇంకెవరూ చెప్పక్కర్లేదు, అది ఎవరి చేతి పనో ఆయనకి తెలుసు.

పిట్ట అప్పటికే కళాశాల ఆఫీసుకి ఫోన్ కలిపింది. అవతల గుమాస్తా గొంతు ముగ్గురికీ వినపడుతోంది.

"ఒకరి బదులు ఒకరు పరీక్షలు రాస్తున్న రోజులమ్మా, మేం మాత్రం ఏం చేస్తాం. రేపు సాయంత్రంలోగా సరైన ఫొటో పంపించు, రెండో జాబితాకి చూస్తాం."

"అందులో ఎన్ని సీట్లుంటాయండీ?"

"ఎవరైనా చేరకుండా మానేస్తే, ఆ సీట్లే. పోయినేడు మూడు మిగిలాయి. ఈసారి అవీ ఉంటాయో లేదో చెప్పలేను."

ఫోన్ పెట్టేసి పిట్ట తండ్రివైపు తిరిగింది. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేదని ఆయనకి తర్వాత అనిపించింది.

"మచ్చ తీసేశావా నాన్నా?"

"అలవాటులో చెయ్యి పోయిందమ్మా. ఫారంలో అది రాశావని నాకు తెలీదు."

"నాదీ తప్పే. పంపే ముందు ఫొటో చూసుకున్నాను. బాగానే ఉందనుకున్నాను. నా ఫొటోలన్నీ అలాగే ఉంటాయి కదా, నా కళ్ళకీ అలవాటైపోయింది."

లేచి పరదా ఒక్క లాగు లాగింది. స్టూడియో గోడ నిండా పిట్టే. రెండు జడల పిట్ట, సైకిలు మీద పిట్ట, బహుమతి కప్పుతో పిట్ట. ఒక్క ఫొటోలోనైనా చెంప మీద మచ్చ లేదు.

"ఈ పిల్ల ఎవరు నాన్నా? అద్దంలో నాకెప్పుడూ కనిపించలేదే. ఊళ్ళో పిల్లలకి మొటిమలు తీస్తే, అవి రేపో మాపో పోయేవే. నాది పోదు. నా ముఖం ఉన్నదున్నట్టు చూడ్డానికి నీకంత రోతగా ఉందా?"

ఆయన కుర్చీ వెన్ను పట్టుకుని నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళండీ ఈ దాపరికం," అంది తల్లి, గుండీ పక్కన పడేసి. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

"అది పుట్టుమచ్చ కాదమ్మా. కాలిన మచ్చ. నీకు రెండున్నరేళ్ళు. మీ అమ్మ జ్వరంతో ఆసుపత్రిలో ఉంది. నిన్ను ఇక్కడే ఆడుకోమని వదిలేసి, వచ్చినవాళ్ళకి ఫొటో తీస్తున్నాను. అప్పట్లో దీపాలు నిప్పుల్లా కాలేవి. ఒకటి ఆర్పి తెరవెనక పెట్టాను. నువ్వు వెళ్ళి దానికి చెంప ఆనించావు. ఏడుపు వినపడింది. మారాం చేస్తున్నావనుకున్నాను. ఒక్క నిమిషం తల్లీ, అని కేకేసి, ఇంకో మూడు ఫొటోలు తీసి, అప్పుడొచ్చాను."

ఆయన చూపు గోడ మీది ఫొటోల మీదికి పోయింది.

"ఫొటోలో ఆ మచ్చ కనిపిస్తే నాకు నువ్వు కనపడవు, ఆ మూడు ఫొటోలు కనపడతాయి. అందుకే తుడిచేస్తూ వచ్చాను. ఇవాళ నీ సీటు కూడా నా చేతులారా తుడిచేశాను."

పిట్ట కళ్ళు తుడుచుకుంది. "చెప్పి ఉంటే ఓ నాలుగు రోజులు నీతో మాట్లాడకుండా ఉండేదాన్ని, అంతే. చెప్పకపోబట్టి పదిహేనేళ్ళు నా ముఖం మా నాన్నకి నచ్చదనుకుని బతికాను." లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. తల్లి వెనకే వెళ్ళింది.

ఆ పూట వచ్చిన వాళ్ళని ఆయన వెనక్కి పంపేశాడు. స్టూలు మీద కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. అంత నేర్పుగా చేసిన పని ఆయనకి ఎప్పుడూ అంత అసహ్యంగా కనపడలేదు.

మధ్యాహ్నం దాటాక పిట్ట జుట్టు వెనక్కి బిగించి కట్టుకుని వచ్చింది. ఆయన లేవగానే అదే స్టూలు మీద, తెల్లతెర ముందు కూర్చుంది.

"తియ్యి," అంది ముక్తసరిగా.

ఆయన కుడివైపు దీపం వెలిగించాడు.

"అటు కాదు నాన్నా. ఇటు పెట్టు."

అప్పటికి గానీ ఆయనకి తెలిసిరాలేదు, ఇన్నేళ్ళూ ఎడమ చెంప నీడలో పడేలాగే ఈ పిల్లకి దీపం పెడుతున్నానని. దాన్ని జరిపి వచ్చి కెమెరాకి కన్ను ఆనించాడు. చింతగింజంత మచ్చ, అంచుల్లో కొంచెం ముడత పడి, వెలుగులో స్పష్టంగా ఉంది. కాసేపటికి మచ్చా, ముఖమూ అన్నీ అలుక్కుపోయాయి. కెమెరాలో లోపమనుకుని దాని అద్దాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు. లోపం ఆయన కళ్ళలోనే ఉంది.

"ఏమైంది నాన్నా?"

"ఒక్క నిమిషం తల్లీ."

అనేశాక ఆ మాట ఆయనకే వినపడింది. పిట్టకీ వినపడింది. ఆయన కెమెరా వదిలేసి గబగబా వచ్చి కూతురి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వేళ్ళతో ఆ మచ్చని తాకాడు. పదిహేనేళ్ళలో అదే మొదటిసారి.

"నొప్పెట్టిందా అమ్మా," అన్నాడు, రెండున్నరేళ్ళ పిల్లని అడిగినట్టు.

పిట్టకి దుఃఖం ఆగలేదు. తండ్రి భుజం మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. పరదా పక్కన నిలబడిన తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇక తియ్యి," అంది పిట్ట చివరికి, ముక్కు తుడుచుకుంటూ. "సీటొస్తుందో రాదో తెలీదు. రాకపోతే మళ్ళీ ఏడాది దరఖాస్తు పెడతాను. అప్పుడూ ఇలాగే తియ్యాలి."

"అలాగే తల్లీ."

ఫొటో కంప్యూటర్ తెరమీదికి వచ్చింది. మచ్చ ఉంది. కళ్ళు ఉబ్బి, ముక్కు ఎర్రబడి ఉంది. పక్కనే మౌస్ ఉంది, దాని మీద చెయ్యి వెయ్యడానికి ఆయనకి భయమేసింది. "నువ్వే పంపించు," అని కుర్చీ కూతురికి వదిలేసి, గోడ మీది ఫొటోలు ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాడు.