ఒక్క పిలుపుకే పలకాలి

వేసవి సెలవుల్లో స్కౌట్ క్యాంపు అనగానే మా టీచర్లలో సగం మందికి ఒంట్లో బాగుండదు. ఒకరికి నడుం నొప్పి, ఇంకొకరికి దగ్గర చుట్టాలింట్లో పెళ్ళి. చివరికి ఎప్పుడూ నా పేరే మిగులుతుంది. నేను పీఈటీని, పేరు గంగాభవాని. మైకు లేకుండా గ్రౌండు అవతలికి వినబడే గొంతు నాదొక్కదానిదేనని మా హెడ్మాస్టరు నలుగురిలో అంటూ ఉంటారు. అది మెచ్చుకోలే అనుకుని ఇన్నాళ్ళూ మురిసిపోయాను.

మొన్న మే నెలలో క్యాంపు రావికమతం అవతల, కొండ కింద ఒక ఊరి బడిలో పెట్టారు. ఐదు రోజులు. కొత్తగా చేరిన పిల్లలు ఇరవై నలుగురు, అందరూ ఆరూ ఏడూ తరగతుల వాళ్ళు. నాకు తోడు దేవీప్రసాద్ మాష్టారు. వంటకి అదే బడిలో మధ్యాహ్న భోజనం వండే నూకరత్నం. పిల్లల్లో ఒకతి నా కూతురు సుప్రియ. దానికి పదకొండేళ్ళు. క్యాంపులో నేను అమ్మని కాదు, మేడమ్‌నని బస్సులోనే చెప్పేశాను. చోడవరం దాటేదాకా మూతి ముడుచుకుని కిటికీలోంచి చూస్తూ కూచుంది.

మొదటి రోజు స్కార్ఫ్ చుట్టుకోవడం, ఎడమ చేత్తో షేక్‌హ్యాండ్ ఇవ్వడం, తాడుతో రెండు రకాల ముడులు. పిల్లలు చురుగ్గానే ఉన్నారు. చీకటి పడ్డాక వాళ్ళు గోడ అవతల కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూంటే, వరండాలోంచి పేరుపేరునా పిలిచాను. ఒక్కరూ పలకలేదు. గోడ అవతల మాటలన్నీ ఠక్కున ఆగిపోయాయి. రెండోసారి పిలిచాను, అంతే. మూడోసారి పిలిచాక "వచ్చేను మేడమ్" అని ఒక్కొక్కరే గోడ ఇవతలికి వచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అనకాపల్లి టౌన్లో పుట్టి పెరిగిన నా కూతురు కూడా మూడో పిలుపుకే వచ్చింది. బుచ్చయ్యపేటలో ఉండే మా అత్తగారు దానికి చిన్నప్పుడే నేర్పారట.

ఇదేం అలవాటని నూకరత్నాన్ని అడిగితే, పప్పు తిప్పుతూ నెమ్మదిగా చెప్పింది.

"దీపాలెట్టిన తరవాత మనిసి అవుపడకుండా పిలిత్తే పలక్కూడదు టీచరమ్మా. అది ఒక్కపాలే పిలుత్తాది. మూడుపాల్లు పిలిసేరంటే పిలిసింది మనిసని."

అది అంటే ఏదని అడిగాను. ఆవిడ గరిటె కడుక్కోవడానికి లేచి వెళ్ళిపోయింది.

నేను గట్టిగానే నవ్వాను. మర్నాడు పిల్లల్ని కూచోబెట్టి చెప్పాను. స్కౌటన్నవాడు ఒక్క పిలుపుకే పలకాలి. పాము కరిచినవాడు మూడుసార్లు పిలిచేదాకా ఓపిగ్గా ఉంటాడా అని అడిగాను. ఒక్క పిలుపుకి పలకనివాళ్ళు అందరూ తిన్నాక ఆఖర్న తినాలని రూలు పెట్టాను. ఆ రోజు ఆఖర్న తిన్నవాళ్ళు తొమ్మిది మంది. మూడో రోజుకి ఒక్క సుప్రియే మిగిలింది. చల్లారిన అన్నం, అడుగున మిగిలిన సాంబారు. అది తల వంచుకుని తింటూంటే ముక్కు కొసనుంచి నీటిచుక్క కంచంలో పడింది. వెళ్ళి కళ్ళు తుడవాలనిపించింది. కానీ కూతురని వదిలేసిందని ఎవరైనా అంటారని భయం. లేచి దగ్గరికి వెళ్ళలేదు.

నాలుగో రోజు తెల్లారకముందే చీకట్లో గోడ అవతల నుంచి పిలిస్తే, ఒక్క పిలుపుకే పలికింది. నేను గెలిచానని ఎంత సంతోషించానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రోజుకో జట్టుకి వినే ఆట ఆడిస్తున్నాం. బడి వెనక జీడితోట ఉంది. ఎనిమిది మంది పిల్లల్ని ఎనిమిది చెట్ల కింద, ఒకరికొకరు కనబడకుండా కూచోబెడతాం. కళ్ళు మూసుకుని చుట్టూ ఏయే చప్పుళ్ళు వినబడుతున్నాయో గుర్తుపెట్టుకోవాలి. నేను తోట మొదట్లో నిలబడి ఒక్కొక్కరినీ ఒక్కసారి పిలుస్తాను. పలికి, నా గొంతు వచ్చిన వైపు నడిచి రావాలి. రెండు జట్లు ఆడాయి, ఏ ఇబ్బందీ లేదు. ఆ సాయంత్రం సుప్రియ జట్టు వంతు. మా అమ్మాయిని అందరికంటే లోపలి చెట్టు కింద కూచోబెట్టాను.

జీడిచెట్లు పొట్టివి. కొమ్మలు నేలమీదికి వాలిపోయి, ఒక్కో చెట్టు కిందా ఒక్కో చీకటి గది ఉంటుంది. రాలిన పళ్ళు పులిసిపోయి, ఆ వాసన గొంతులో అంటుకుంటుంది. కాలు పెడితే చాలు, ఎండుటాకులు చప్పుడు చేస్తాయి. పొద్దు కొండ వెనక్కి దిగింది. దూరంగా ఎవరిదో బండి పోయింది. తర్వాత గాలి కూడా ఆగిపోయింది.

పిలవడం మొదలుపెట్టాను. లోహిత్ ముందు వచ్చాడు. తర్వాత ఒక్కొక్కరూ ఆకులు తొక్కుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఏడుగురయ్యారు. ఇక సుప్రియ ఒక్కతే. పిలవడానికి ఊపిరి పీల్చుకున్నాను.

"సుప్రియా..."

తోట లోపలి నుంచి వచ్చింది ఆ పిలుపు. నా గొంతు. చివర్లో నేను ఎలా సాగదీస్తానో అలాగే.

ఏడుగురు పిల్లలూ తలెత్తి నా నోటి వైపు చూశారు.

"వచ్చేను మేడమ్," అంది సుప్రియ చీకట్లోంచి. ఒక్క పిలుపుకే. గొంతులో ఎంత హుషారో.

ఆకుల చప్పుడు మొదలైంది. నా వైపు కాదు... కొండ వైపు.

"మీరు పిలవలేదు కదా మేడమ్," అన్నాడు లోహిత్ గుసగుసగా.

పిల్లల్ని బడిలోకి పరుగెత్తమని చెప్పి, టార్చి వేసుకుని తోటలోకి దూరాను. కొమ్మలు మొహానికి కొట్టుకుంటున్నాయి. వంగి, పాకుతూ, లేస్తూ వెళ్ళాను. దాని చెట్టు కింద ఎవరూ లేరు. ఆకుల్లో కూచున్న చోటు మాత్రం నలిగి ఉంది.

"సుప్రియా," అని అరిచాను.

చాలా దూరంనుంచి, "వచ్చేను మేడమ్."

మళ్ళీ పిలిచాను. ఈసారి దగ్గర్నుంచి, "వచ్చేను మేడమ్." అదే గొంతు. ఇంతలో అంత దగ్గరికి ఎలా వచ్చిందని ఆలోచించే స్థితిలో లేను. మూడోసారి పిలిచాను, గొంతు చిరిగిపోయేలా. అప్పుడు రెండు చోట్ల ఆకులు కదిలాయి. ఒక నడక నా వైపు వస్తోంది. ఇంకొకటి... దూరంగా పోతోంది.

వచ్చినదాన్ని పట్టుకున్నాను. ఇంకేం చేస్తాను? టార్చి వెలుగులో నా కూతురే. మెడలో స్కార్ఫ్, జుట్టులో ఆకులు. గుండెకి హత్తుకుని ఏడ్చేశాను. మే నెల ఉక్కలో నేను తడిసి ముద్దయిపోయి ఉన్నాను. దాని ఒంటి మీద చెమట చుక్క లేదు.

"ఎక్కడికెళ్ళేవే?"

"మీరు పిలిస్తే వెళ్ళేను మేడమ్. అక్కడ కూడా మీరే ఉన్నారు."

బడికి తీసుకొచ్చాక దేవీప్రసాద్ మాష్టారు కొండ పక్కన మాటలు తిరిగి వినబడడం మామూలేనన్నారు. నేనూ అవునన్నాను. అసలు నేను పిలవనే లేదన్న సంగతి ఆయనకి చెప్పలేదు. నూకరత్నం మాత్రం పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చి, సుప్రియని పైనించి కిందిదాకా చూసింది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, ఎన్నో పిలుపుకి వచ్చిందని అడిగింది. మూడోదానికని చెప్పి, అంటే మనిషే కదా అన్నాను. నేను ఆ మాట అడుగుతానని ఆ ఉదయం ఎవరైనా అంటే నవ్వేదాన్ని.

ఆవిడ మళ్ళీ ఒకసారి సుప్రియ వైపు చూసింది.

"మూడుపాల్లు పిలిత్తే పిలిసింది మనిసని తెలుత్తాది టీచరమ్మా," అంది. "వచ్చింది మనిసో కాదో అదెలా తెలుత్తాది?"

క్యాంపు ఆ రాత్రే ముగించేసి, తెల్లారి బస్సుకి ఇంటికి వచ్చేశాం.

సుప్రియ బాగానే ఉంది. తింటోంది, నిద్రపోతోంది, బడి తెరిచాక బడికి వెళుతోంది. మునుపటికంటే బుద్ధిగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. గాఢనిద్రలో ఉన్నా ఒక్క పిలుపుకే పలుకుతుంది. నన్ను మాత్రం మేడమ్ అనే పిలుస్తోంది. ఇది ఇల్లే, ఇక్కడ నేను అమ్మనే అని నవ్వుతూ చెప్పాను, కోప్పడి చెప్పాను, ఒకసారి బతిమాలాను కూడా. ప్రతిసారీ "సరే మేడమ్" అంటుంది. క్యాంపులో నేను పెట్టిన భయం ఇంకా పోలేదని మా ఆయన నన్నే తిట్టారు. మా అత్తగారు వారం రోజులుంటానని వచ్చి, ఒక్క పూట దాన్ని చూసి, సాయంత్రం బస్సుకే బుచ్చయ్యపేట వెళ్ళిపోయారు. ఎందుకని అడిగితే, గేదెకి కుడితి పెట్టేవాళ్ళు లేరన్నారు. గేదెని నిరుడే అమ్మేశారు.

జులైలో ఒక ఆదివారం. మా ఆయనకి పరవాడలో షిఫ్టు, పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు కరెంటు పోయింది. వీధి తలుపుకి గడియ పెట్టి, చాప మీద కూచుని మినపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. సుప్రియ నా పక్కనే బోర్లా పడుకుని హోంవర్క్ రాసుకుంటోంది.

"అమ్మా..."

వీధి మెట్ల దగ్గరనుంచి. బొంగురుపోయి, అలిసిపోయిన గొంతు. నా కూతురి గొంతు నాకు తెలియదా? నెలన్నర అయింది, ఆ మాటతో నన్ను ఎవరైనా పిలిచి.

పలకబోయి ఆగిపోయాను. నా పక్కనే నా కూతురు ఉంది. బయట ఉన్నదేదో నాకు కనబడడం లేదు. చేతిలోని పప్పు గింజలు చాప మీదికి జారిపోయాయి.

"అమ్మా..."

రెండు. పక్కన పెన్సిల్ చప్పుడు ఆగింది. సుప్రియ తల ఎత్తలేదు. నేను లెక్కపెడుతున్నాను. ఇరవై నలుగురు పిల్లల చేత ఆ భయం మాన్పించిన నేను, ఊపిరి బిగబట్టి, మూడోదాని కోసం ఎదురుచూస్తున్నాను.

"అమ్మా, తలుపు తియ్యవే. కాళ్ళు నొప్పెడుతున్నాయి..."

మూడు. మనిషే.

నేను నోరు తెరిచేలోపు, నా గొంతు పలికింది.

"వచ్చేనమ్మా. పెరటి వైపు రా."

చివర్లో నాలాగే సాగదీసి... చాప మీద నుంచి... నా పక్కనుంచి.

బయట చిన్నపాదాలు సందులోంచి పెరటి వైపు పరుగెత్తాయి. ఎంత సంతోషంగా పరుగెత్తాయో ఆ చప్పుడులోనే తెలిసింది. నేను వెనక్కి పరుగెత్తి పెరటి తలుపు లాగాను. ఎండ. ఆరేసిన బట్టలు. ఎవరూ లేరు. పిలిచాను. మూడుసార్లు కాదు, ముప్పైసార్లు పిలిచాను. ఇరుగుపొరుగు వాళ్ళు గోడలమీంచి చూశారు. ప్రతి పిలుపుకీ ఇంట్లోంచి "వచ్చేను మేడమ్" అని ఒక్క గొంతే పలికింది.

మొదటి పిలుపుకే పలికి ఉంటే నా బిడ్డ నా ఒళ్ళో ఉండేది. రోజూ ఇదే మాట అనుకుంటూ లేస్తాను, ఇదే మాట అనుకుంటూ పడుకుంటాను.

వీధి తలుపు తీసి చూస్తే మెట్టు మీద ఒక జత చెప్పులున్నాయి. ఇంట్లోకి వచ్చే పిల్ల విప్పినట్టు పక్కపక్కనే విప్పి ఉన్నాయి. సుప్రియ కాలి సైజువి. ఎంత దూరం నడిచాయో, మడమల దగ్గర అరిగి చిల్లులు పడ్డాయి. వాటిని అక్కడినుంచి తియ్యలేదు. మా ఆయన అడిగితే ఎవరో పనిపిల్ల మరిచిపోయిందని చెప్పాను. సుప్రియ రోజూ వాటిని దాటుకుని బడికి వెళుతుంది, దాటుకుని వస్తుంది.

ఈ రోజు పొద్దున్న ముగ్గు వేద్దామని తలుపు తీశాను. వాటి పక్కన ఇంకో జత చెప్పులున్నాయి. ఆడవాళ్ళవి, పెద్దవి. అవి కూడా అడుగులు అరిగిపోయి ఉన్నాయి.

అక్కడ కూడా మీరే ఉన్నారని తోటలో సుప్రియ అన్న మాట గుర్తొచ్చి, కాలు పెట్టి చూశాను. నాకు సరిగ్గా సరిపోయాయి.