కంప్యూటర్‌కు కోడేంది?

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మూతపడ్డ ప్రెస్ షెడ్డు కిరాయికి దొరికిందనగానే ధనశ్రీ వెనకాముందూ చూసుకోలేదు. అత్తింటివాళ్లు వద్దంటున్నా ఉద్యోగం మానేసి, ఫ్లెక్సీలు డిజైన్ చేసే దుకాణం పెట్టడానికి సిద్ధపడింది. మర్నాడు పొద్దున్నే ప్రారంభం. అందుకే ఉప్పల్ నుంచి వాళ్లన్న ఉమాశంకర్ విడిభాగాలు తెచ్చి, మధ్యాహ్నమంతా కూర్చుని కొత్త కంప్యూటర్ బిగించాడు.

పక్క గోదాము కాపలాదారు బాలనర్సింహ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒకప్పుడు ఈ షెడ్డులోనే రేకులు కోసే ప్రెస్సు మీద పనిచేసిన ముసలాయన.

"కోడిని కోసిన్రా బిడ్డా? ఈడ కొత్త మిషన్ దిగితే నెత్తురు సూపియ్యాలె. మా ఆనవాయితీ గది."

ధనశ్రీ నవ్వింది. "కంప్యూటర్‌కు కోడేంది తాతా? నిమ్మకాయ పెట్టినం. సాలదంటే బిర్యానీ తెప్పిస్తం."

"మా సేటు గూడ గిట్లనే నవ్విండు. గా వారమే మాతోని పనిచేసే కామరాజు చెయ్యి ప్రెస్సు కింద వడ్డది. రేకు లెక్క అయింది. మనిషి బతకలే."

ఆయన వెళ్లాక ఉమాశంకర్ పెన్‌డ్రైవ్ పెట్టి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టాడు. సగం ఎక్కింది. ఆగింది. తెర నల్లబడింది.

అతను గాబరా పడే మనిషి కాదు. అన్నీ ఒకేసారి కదిలిస్తే తప్పెక్కడుందో ఎప్పటికీ తెలియదు. ఒకటి మార్చాలి, చూడాలి, ఆ తర్వాతే ఇంకొకటి. పెన్‌డ్రైవ్ మార్చాడు. మళ్లీ అక్కడే ఆగింది. ర్యామ్ తీసి వేరేది పెట్టాడు. అక్కడే. డిస్కు మార్చాడు. అక్కడే. ఆగిన ప్రతిసారీ కంప్యూటర్ డబ్బాలోంచి ఓ వాసన వచ్చేది. వైరు మాడిన వాసన కాదు... గ్రీజు, తడి ఇనుము కలిసిన వాసన.

వాన పట్టుకుంది. చీకటి పడుతోంది. రేకుల కప్పు మీద మోతలో ఇంకో చప్పుడు కలిసింది. ధబ్... ఆగి... ధబ్.

"అన్నా, ఏం సప్పుడది?" ధనశ్రీ గుసగుసలాడింది.

"పక్కన ప్రెస్సు నడుస్తుందేమో."

"పక్కది బియ్యం గోదాం."

అతను మళ్లీ డబ్బా వైపు తిరిగాడు. లోపల వైరేదైనా వదులైందేమోనని ప్లగ్గు పీకి నేల మీద పడేశాడు. డబ్బా పక్క మూత తీసి కుడిచెయ్యి లోపలికి పెట్టాడు.

ఫ్యాన్ తిరిగింది.

ప్లగ్గు నేల మీదే ఉంది.

చెయ్యి లాక్కోబోయాడు. రాలేదు. డబ్బా రేకు దానంతటదే వంగి వేళ్ల మీద దిగింది. ధబ్. ఎముక పటుక్కుమంది. మళ్లీ పైకి లేచింది... మళ్లీ దిగింది. ధనశ్రీ అన్న నడుం పట్టుకుని శక్తికొద్దీ లాగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. నెత్తురు ఆమె ముఖం మీద చిమ్మింది.

చూపుడు వేలు లేదు. అది ఉండాల్సిన చోట గుండ్రంగా, నున్నగా, అచ్చుతో రేకు కోసినట్టు...

అరుపులకు బాలనర్సింహ పరుగెత్తుకొచ్చాడు. చేతికి తువ్వాల చుట్టి ఉమాశంకర్‌ను ఆటో ఎక్కించి, తనూ పక్కన కూర్చున్నాడు.

"మీరు దవాఖానాకు పోన్రి," అంది ధనశ్రీ. "వేలు దొరికితే అతుకుతరట. ఎతుక్కొని ఎన్కనే వస్త."

ఆటో హబ్సిగూడ దాటకముందే ఉమాశంకర్ ఫోన్ మోగింది.

"అన్నా... వేలు ఏడా లేదు. డబ్బా అంత ఇప్పి సూసిన. లోపల నెత్తురు సుక్క గూడ లేదు."

"ఇడిసిపెట్టు. బయటికి రా."

"కంప్యూటర్ ఆన్ అయిందన్నా. ప్లగ్గు కిందనే ఉన్నది. అంతా ఎక్కింది. నీ వేలిముద్ర తీసుకున్నట్టు సూపిస్తుంది."

వేలిముద్ర తీసుకునే పరికరం ఉమాశంకర్ ఆ కంప్యూటర్‌కు పెట్టనేలేదు.

"ముట్టకు ధనా... ఉరుకు."

"షట్టర్ పడ్డది... లేస్తలేదన్నా." ఆమె గొంతు సన్నబడింది. "తెర మీద ఇంకోటి వచ్చింది. మరో వేలు పెట్టండి అంటుంది..."

ఊపిరి వినపడింది. ఆ తర్వాత చాలా మెల్లగా...

"కింద నా పేరు రాసున్నది."