రెండు పేజీల రాణి

"నువ్వు చూడొచ్చు. వినొచ్చు. రాసి పంపొచ్చు. ముట్టుకోవడానికి మాత్రం వీల్లేదు," అన్నాడు చీఫ్ పార్క్స్.

కెనడా రాజధాని ఒట్టావాలో, కిటికీలు లేని ఆ గదిలో, ఏజెంట్ రోలాండ్ గోడే తల ఊపాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో అతని చేతికి ఎవరూ తుపాకీ ఇవ్వలేదు, బేడీలూ ఇవ్వలేదు. ఈ దేశంలో గూఢచారికి ఉన్న ఆయుధం రిపోర్టు ఒక్కటే. ఎవరినైనా పట్టుకోవాలంటే పోలీసులు రావాలి. పోలీసులు రావాలంటే నేరం జరగాలి.

చీఫ్ తెర మీద రెండు ఇంటర్నెట్ పేజీలు చూపించాడు. రెండూ దేశానికి తూర్పు కొసన, ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ కలిసి బతికే మోంక్టన్ నగరానివే. ఒకటి 'ఇంగ్లీషు గళం'. ప్రభుత్వ ఉద్యోగాలన్నీ ఫ్రెంచివాళ్లు మింగేస్తున్నారని అది రోజూ ఏడుస్తుంది. రెండోది 'మేలుకో అకాడీ'. అకాడీ అంటే అక్కడి ఫ్రెంచివాళ్ల సీమ పేరు. ఫ్రెంచి భాషను ఇంగ్లీషువాళ్లు గొంతు పిసికి చంపేస్తున్నారని అది రోజూ రగులుతుంది. ఊళ్లో ఈ పేజీ చూడనివాడు ఆ పేజీ చూస్తున్నాడు.

"రెండూ ఒకే ఇంట్లోంచి నడుస్తున్నాయి. షెడియాక్‌లో, సముద్రం ఒడ్డున. జీతాలు మాత్రం వేరే దేశం నుంచి వస్తున్నాయి," అన్నాడు చీఫ్. ఆ దేశం పేరు ఒక చీటీ మీద రాసి చూపించి, వెంటనే మిషన్లో వేసి ముక్కలు చేశాడు.

మరి మూయించెయ్యొచ్చు కదా అని అడిగాడు రోలాండ్. మూలన కూర్చున్న న్యాయ సలహాదారు కళ్లజోడు తుడుచుకుంటూ సమాధానం చెప్పింది. అబద్ధం చెప్పడం నేరం కాదు. దాన్ని పదిమందికి పంచడం అసలే కాదు. పంచేవాళ్లంతా ఈ దేశపు పౌరులు, వాళ్ల నోటికి తాళం వేసే హక్కు ఎవరికీ లేదు. మనం జీతం తీసుకునేది ఆ నోళ్లను కాపాడటానికే.

ఆపరేషన్‌కి 'కవలలు' అని పేరు పెట్టారు. రోలాండ్‌ని ఎంచుకోవడానికి కారణం అతను మోంక్టన్ వాడు కావడమే. ఒకే వాక్యాన్ని ఫ్రెంచిలో మొదలెట్టి ఇంగ్లీషులో ముగించడం అతనికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

మూడో రోజు పొద్దున కేబుల్ రిపేరువాడి వేషంలో, భుజాన వైరు చుట్టతో, అతను షెడియాక్‌లోని ఆ ఇంటి తలుపు తట్టాడు. లోపల నాలుగు బల్లలు, నలుగురు మనుషులు. నాలుగో బల్ల దగ్గర డెల్ఫీన్ వార్డ్. నడుము దాకా జుట్టు, మెడకి పచ్చని పట్టు స్కార్ఫు, ఎదురుగా రెండు ఫోన్లు. కుడిచేతి ఫోన్లో ఇంగ్లీషువాళ్లను రెచ్చగొట్టేది, ఎడమచేతి ఫోన్లో ఫ్రెంచివాళ్లను ఎగదోసేది. రెండు చేతులూ అలుపు లేకుండా పనిచేస్తున్నాయి.

రోలాండ్ బల్ల కింద దూరి కందిగింజంత మైకు అంటించాడు. లేస్తూ, సర్వీసు పంపిన కోడ్ మాట అన్నాడు.

"ఈ ఏడు నీలం రంగు లాబ్‌స్టర్ ఏమైనా పడిందా మేడమ్, మీ ఊళ్లో?"

డెల్ఫీన్ తల ఎత్తకుండానే అంది, "పడింది. ఏ రంగుదైనా ఉడికాక ఎర్రదే."

వాళ్ల మనిషి అయిన ఆమె మన మనిషి కూడా. ఎవరి దగ్గర ఎంత నిజం చెబుతోందో ఆమెకే తెలియాలి.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఝానీన్ ఇంటికి భోజనానికి వెళ్లాడు రోలాండ్. ఏదో ఆఫీసు పని మీద వచ్చానని చెప్పాడు. అతని ఉద్యోగం ఏమిటో వాళ్లకి ఎప్పుడూ తెలియదు. బావ గ్లెన్ స్టీవ్స్ ఇంగ్లీషువాడు, స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. ముప్ఫై ఒక్కేళ్ల కాపురం. పెళ్లయిన కొత్తలో ఒకరి భాష ఒకరికి రాక, సైగలు చేసుకుని నవ్వుకుంటూ బతికేశారు. ఇప్పుడు ఇద్దరికీ రెండు భాషలూ వచ్చు, మాటలే లేవు.

బంగాళాదుంప తురుముతో చేసిన ముద్దలు పెట్టింది అక్క. గ్లెన్‌కి ఉప్పు కావాల్సి వచ్చింది. ఉప్పు సీసా ఝానీన్ మోచేతి దగ్గరే ఉంది. "రోలాండ్, మీ అక్కని ఉప్పు ఇవ్వమను," అన్నాడు.

ఝానీన్ సీసా జరిపి, ఫోన్ తీసింది. "చూడరా, మీ బావగారి పేజీ ఏం కూసిందో. మనం బంగాళాదుంప మూటలమట. ఎక్కడ దింపితే అక్కడే కుళ్లుతామట."

రోలాండ్‌కి ఆ వాక్యం కొత్త కాదు. గురువారం పొద్దున పదకొండున్నరకి డెల్ఫీన్ ఆ వాక్యాన్ని పైకి చదువుతూ రాయడం అతను మైకులో చెవులారా విన్నాడు. 'కుళ్లుతారు' అంటే ఎక్కువ మండుతుందా, 'మొలకెత్తుతారు' అంటేనా అని పక్క బల్లవాడిని అడిగింది. ఆ తర్వాత రెండో ఫోన్ తీసి, దానికి జవాబుగా ఇంగ్లీషువాళ్లను తిట్టే వాక్యం కూడా తనే రాసింది. ఇప్పుడు గ్లెన్ తన ఫోన్లో చదువుతున్నది ఆ వాక్యమే.

"బావా, ఆ రెండూ ఒకరే రాస్తున్నారేమో? మీ ఇద్దరికీ తగవు పెట్టడానికి?" అన్నాడు. సర్వీసు ప్రమాణం ప్రకారం ఆ మాత్రం అనడమే ఎక్కువ.

ఝానీన్ గరిటె దించింది. "ఎవరు రాస్తే ఏంట్రా? బడిలో నా భాష మాట్లాడానని టీచరమ్మ నన్ను గోడవారగా నిలబెట్టింది. అది కూడా ఎవరో రాసిందేనా? మా బాధ కూడా దొంగదేనా?"

"మా తమ్ముడి కొడుక్కి ఫ్రెంచి రాదని బస్సు ఉద్యోగం ఇవ్వలేదు. అదీ ఎవరూ రాసింది కాదు," అన్నాడు గ్లెన్.

చాలా నెలల తర్వాత మొగుడూ పెళ్లాం ఒక మాట మీదికి వచ్చారు, రోలాండ్‌కి ఏమీ తెలియదని.

బయటికొచ్చి కార్లో కూర్చుని రిపోర్టు రాశాడు. ఒట్టావా నుంచి జవాబు రెండు ముక్కల్లో వచ్చింది. అందింది. గమనిస్తూ ఉండు.

ఆగస్టు పదిహేను, అకాడీ ఫ్రెంచివాళ్ల పండగ. సాయంత్రం ఐదూ యాభై అయిదుకి అకాడియన్లు మొహాలకి రంగులు పూసుకుని, గిన్నెలూ మూకుళ్లూ వాయిస్తూ వీధిలోకి వస్తారు. 1755లో ఇంగ్లీషువాళ్లు ఓడలెక్కించి తరిమేసినా మేమింకా ఇక్కడే ఉన్నామని చెప్పడానికే, సరిగ్గా 17:55కి ఆ గోల. ఈసారి అదే సమయానికి, అదే నది ఒడ్డు పార్కుకి రమ్మని 'ఇంగ్లీషు గళం' తన వాళ్లనీ పిలిచింది.

నాలుగున్నరకి పార్కింగ్ స్థలంలో రోలాండ్ పక్క సీట్లోకి వచ్చి కూర్చుంది డెల్ఫీన్. నల్లకళ్లద్దాలు తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఇవాళ ఇద్దరు చావాలి. అటు ఒకరు, ఇటు ఒకరు. ఒక్కో పేజీకీ ఒక్కో శవం," అంది.

"ఎవరు?"

"ముందు వరసలో ఎవరుంటే వాళ్లు. తుపాకీవాడు ఎక్కడుంటాడో నాకు చెప్పలేదు. నేను పార్కులో లైవ్ ఇస్తాను. 'మోంక్టన్, ఇక నీ గొంతు వినిపించు' అంటాను. చెవిలో ఆ మాట పడగానే వాడు కాలుస్తాడు."

"అనకు."

"అనకపోయినా, లైవ్ ఆపేసినా, షెడియాక్ ఇంట్లో చూస్తున్నవాళ్లు వాడికి నేరుగా ఫోన్ చేస్తారు. అబద్ధాలు అమ్మడానికి ఒప్పుకున్నాను గానీ శవాలు అమ్మడానికి కాదు. నావల్ల కావట్లేదు. ఏదో ఒకటి చెయ్యి."

రోలాండ్ పోలీసులకి ఫోన్ చేశాడు. పార్కు చుట్టూ ఎత్తయిన మేడలు నాలుగున్నాయి, ఒక్కొక్కటే వెతుకుతామన్నారు. జనాన్ని వెనక్కి పంపెయ్యమంటే, జనం కదిలితే వాడు తొందరపడతాడన్నారు. చీఫ్‌కి ఫోన్ చేశాడు. చీఫ్, "గమనిస్తూ ఉండు," అన్నాడు. ఆ గొంతులో సిగ్గు వినిపించింది.

అతను మొహానికి అకాడియన్ల జెండాలోని నీలం, తెలుపు, ఎరుపు రంగులు పులుముకుని, పసుపు పచ్చ మాస్కు కట్టుకుని జనంలో కలిశాడు. రోడ్డుకి ఇవతల గిన్నెలు, అవతల కారు హారన్లు. ఇవతల ముందు వరసలో, పెద్ద సూపు గిన్నె పట్టుకుని అక్క. అవతల ముందు వరసలో, జెండా భుజాన వేసుకుని బావ. ఇద్దరినీ లాక్కుపోదామంటే చేతులు రెండే ఉన్నాయి. ఒకరిని లాగితే ఇంకొకరు అక్కడే ఉంటారు.

చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో పోలీసు గొంతు. మొదటి మేడ ఖాళీ.

మధ్యలో డెల్ఫీన్ ఫోన్ స్టాండ్ నిలబెట్టి, మైకు పట్టుకుని చిరునవ్వుతో మాట్లాడుతోంది. ఐదూ యాభై నాలుగు. రెండో మేడ కూడా ఖాళీ.

రోలాండ్ ఆమె వైపు చూశాడు. ఆపకూడదు, అననివ్వకూడదు. ఆమె నోరు కదలాలి, మాట వినిపించకూడదు.

పక్కనున్న ముసలాయన చేతిలోంచి ఇనప మూకుడూ సుత్తీ లాక్కుని పరుగెత్తాడు. గడియారంలో ఐదూ యాభై అయిదయింది. వీధంతా ఒక్కసారిగా మోగింది. డెల్ఫీన్ పెదవులు విచ్చుకున్నాయి. రోలాండ్ ఆమె మైకుకి జానెడు దూరంలో మూకుడు పెట్టి, ఒళ్లు మరిచి బాదాడు. ఆమె మాట మొదలెట్టింది, పూర్తి చేసింది. అతని చెవికే వినిపించలేదు.

షెడియాక్‌లో చూస్తున్నవాళ్లు ఆమె పెదవులు కదలడం చూసి, మాట పడిందనుకున్నారు; ఆ మోతలో తూటా పేలిందో లేదో వాళ్లకీ తెలియలేదు. మేడ మీదున్నవాడి చెవిలో మాత్రం ఇనప మోత తప్ప ఇంకేం లేదు. వాడు ఎదురుచూశాడు. రోలాండ్ బాదుతూనే ఉన్నాడు. అరచేతులు చిట్లి నెత్తురు కారింది. ఎవరో వెనకనుంచి చొక్కా పట్టి లాగారు. ఎవరో నీళ్ల సీసా విసిరారు. నాలుగు నిమిషాలు.

"మూడో మేడ. దొరికాడు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది," అంది చెవిలో గొంతు.

మూకుడు కింద పెట్టి చూసేసరికి ఎదురుగా ఫోన్ స్టాండ్ ఉంది, డెల్ఫీన్ లేదు. ఆమె మళ్లీ ఎవరికీ కనిపించలేదు. మిగతా ముగ్గురినీ ఆ సాయంత్రమే షెడియాక్ రోడ్డు మీద పట్టుకున్నారు.

చీకటి పడకముందే ఆ వీడియో దేశమంతా తిరిగింది. తుపాకీవాడి సంగతి కాదు, మాస్కు కట్టుకుని ఆడదాని మైకు మీద మూకుడు బాదినవాడి సంగతి. ఫ్రెంచి రౌడీ మాట్లాడే హక్కును నొక్కేశాడని ఇంగ్లీషువాళ్లు రాశారు. మా పండగని పాడు చెయ్యడానికి ఇంగ్లీషువాళ్లే ఆ వెధవని పంపారని ఫ్రెంచివాళ్లు రాశారు. మర్నాడు భోజనాల దగ్గర అక్కా బావా చెరో వైపు నుంచీ వాణ్ని తిడుతుంటే, రోలాండ్ కట్టు కట్టిన చేతులు బల్ల కింద దాచుకుని వింటూ కూర్చున్నాడు. చెయ్యి కాలిందని చెప్పాడు.

వారం తర్వాత ప్రభుత్వం ప్రకటన ఇచ్చింది. రెండు పేజీలూ పరాయి దేశానివే, ఒకే ఇంట్లో తయారయ్యాయి, రెండింటినీ తీసేశాం. ఇప్పుడైనా నమ్ముతారని ఆశపడి రోలాండ్ అక్క ఇంటికి వెళ్లాడు.

"చెప్పలేదూ? మీ బావ పేజీ దొంగదని," అంది ఝానీన్.

"మీ అక్క పేజీ దొంగదని తేలింది కదా," అన్నాడు గ్లెన్.

మీ సొంత పేజీ సంగతేమిటి అని అడిగితే, మా నోరు నొక్కడానికి ప్రభుత్వం అల్లిన కథ అన్నారు ఇద్దరూ, ఒకే గొంతుతో. ఝానీన్ వంటగదిలో కొత్త పేజీ మొదలెట్టింది. గ్లెన్ గరాజ్‌లో ఇంకోటి. తిట్లు ఇప్పుడు ఇంకా బాగా తగులుతున్నాయి. ఎదుటివాడికి ఎక్కడ నొప్పో వీళ్లకి ముప్ఫై ఒక్కేళ్లుగా తెలుసు మరి.

వెళ్లేముందు రోలాండ్ ఇద్దరినీ కూర్చోబెట్టి చాలాసేపు బతిమాలాడు. వాళ్లు మర్యాదగా విని, కాఫీ ఇచ్చి పంపించారు.

విమానాశ్రయంలో ఉండగా చీఫ్ ఫోన్ చేశాడు. ఫైలు మూసేస్తున్నామన్నాడు. మోంక్టన్‌లో మళ్లీ రెండు పేజీలు పుట్టాయట, రోజుకి వెయ్యిమంది చేరుతున్నారట, విదేశీ హస్తం ఏమైనా ఉందా అని అడిగాడు.

"లేదు సార్," అన్నాడు రోలాండ్. "ఇది అచ్చమైన స్వదేశీ సరుకు."