హ్యాంగర్ తలుపు కొలత

శనివారం పొద్దున్న ఏడింటికి ప్రేమలీల వంటింట్లో పులిహోర కలుపుతోంది. బయట ఆమె భర్త ఫ్రెడ్రిక్ యూట్ ట్రక్కు వెనక స్పానర్లు, తాళ్ళు, పెద్ద సుత్తి ఎక్కిస్తూ ఏదో చర్చి పాట పాడుకుంటున్నాడు. ఆ పాట వినబడుతున్నంతసేపూ ఆమె మనసు కుదురుగా ఉంటుంది. పాట ఠక్కున ఆగిందంటే మాత్రం చేతిలో ఉన్న గిన్నె కూడా చప్పుడు కాకుండా దించుతుంది. పెళ్ళయిన పాతికేళ్ళలో అలవాటైపోయింది.

విశాఖపట్నంలో ఫిట్టరుగా పనిచేసిన ఫ్రెడ్రిక్, ప్రేమలీలకు ఆక్లాండ్‌కు మూడు గంటల దూరంలోని టౌరంగాలో నర్సు ఉద్యోగం రావడంతో పద్దెనిమిదేళ్ళ కిందట ఇక్కడికి వచ్చాడు. పోర్టులో క్రేన్ల రిపేర్లు చేస్తూనే నలభై ఎనిమిదో ఏట విమానం నడపడం నేర్చుకున్నాడు. రెండు సీట్ల పాత విమానం ఒకటి కొన్నాడు. అది సముద్రపు గాలికి ఆరుబయట తుప్పు పడుతుంటే చూడలేక, ఊరవతల చిన్న ఎయిర్‌ఫీల్డులో స్థలం లీజుకు తీసుకుని విమానం పెట్టుకునే షెడ్డు, సొంత హ్యాంగర్, మొదలుపెట్టాడు. ప్లాను గీసింది తండ్రిలాగే విమానాల పిచ్చి ఉన్న కొడుకు జోనథనే. ఇంజనీరింగ్ పూర్తిచేసి ఏడాది కూడా కాలేదు. కౌన్సిల్ అనుమతి వచ్చిన రోజున ఫ్రెడ్రిక్ ఆ ప్లాను ఫోటో తీసి చర్చి గ్రూపులో పెట్టాడు. కింద "మా అబ్బాయి గీసింది" అని రాసుకున్నాడు.

జోనథన్ వంటింట్లోకి వచ్చాడు. ముఖంలో రక్తం లేదు.

"మమ్మీ, డాడీకి ఒకటి చెప్పాలి. నిన్న డ్రాయింగ్ మళ్ళీ చెక్ చేశా. డోర్ ఓపెనింగ్ తప్పొచ్చింది. ప్లేన్ లోపలికి పట్టదు."

ప్రేమలీల చెయ్యి ఆగిపోయింది. "పట్టకపోవడమేంట్రా?"

"పదకొండు మీటర్లు వేశా. కానీ అది స్తంభం మధ్య నుంచి స్తంభం మధ్యకి. స్తంభాల మందం, తలుపు పట్టాలు పోతే మిగిలేది పదే. రెక్కలు ఈ చివర్నించి ఆ చివరికి పది మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. ఫుల్లుగా నా మిస్టేకే."

"ఇవాళ చెప్పకు నాన్నా. మూడ్ బాగుంది. రేపు చర్చి అయ్యాక మెల్లగా చెబుదువుగాని."

"ఇవాళ పైన బీమ్ ఎక్కించేస్తే అంతా విప్పాలి మమ్మీ. ఇప్పుడే చెప్పాలి."

ఆమె టిఫిన్ డబ్బా మూత నొక్కింది. ఎప్పుడూ వెళ్ళనిది ఆ రోజు తనూ వస్తానంది.

ఎయిర్‌ఫీల్డులో గాలి ఈడ్చి కొడుతోంది. కొత్త కాంక్రీటు మీద ఆరు ఇనుప స్తంభాలు నిలబడి ఉన్నాయి. ముందు రెండింటి మధ్యే తలుపు రావాలి. ఫ్రెడ్రిక్ గ్లౌజులు తొడుక్కుంటుండగా జోనథన్ ఎదురుగా వెళ్ళి నిలబడి, పొద్దున్న తల్లికి చెప్పిన మాటలే చెప్పాడు. చివర "సారీ డాడీ" అన్నాడు.

ఫ్రెడ్రిక్ టేపు తీసి స్తంభాల మధ్య తనే కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. మూడోసారి టేపును నేలకేసి కొట్టాడు.

"ఊరందరికీ చూపించాను రా! నా కొడుకు గీశాడని చెప్పుకుని తిరిగాను!"

"ముందు స్తంభాలు రెండూ కోసి, కొంచెం ఎడంగా కొత్త బోల్టులు వేస్తే..."

మాట పూర్తి కాలేదు. ఫ్రెడ్రిక్ పక్కనున్న పనిముట్లలోంచి అందుకున్న స్పానర్ జోనథన్ చెవి పక్కన తగిలింది. అతను ఒక కాలి మీద తూలి స్తంభాన్ని పట్టుకున్నాడు. మెడ మీదుగా రక్తం చొక్కాలోకి జారింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడోది పడేలోగా జోనథన్ తండ్రి మణికట్టు పట్టుకున్నాడు.

ఈ పాతికేళ్ళలో ఆ చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.

"వదలరా!"

"వదలను."

తర్వాత జరిగింది ప్రేమలీలకు ముక్కలుముక్కలుగానే గుర్తు. కొడుకు తలతో తండ్రి ముక్కు మీద పొడిచాడు. ఫ్రెడ్రిక్ వెల్లకిలా పడ్డాడు. వీపు కాంక్రీటుకు తగిలిన చప్పుడైంది. జోనథన్ అతని గుండెల మీద మోకాలు ఆనించి కొడుతున్నాడు. ప్రతి దెబ్బకీ ఏడుస్తూ ఒక్కో మాట అంటున్నాడు. "బెల్టు! ... బాత్రూమ్ డోర్! ... మమ్మీ పన్ను!" ఫ్రెడ్రిక్ కాళ్ళు కొట్టుకుంటున్నాయి, నోట్లో రక్తం బుడగలు కడుతోంది. జోనథన్ చెయ్యి పక్కకు తడిమింది. సుత్తి దొరికింది. పైకి లేచింది.

ప్రేమలీల పరుగెత్తి భర్త మీద అడ్డం పడింది. ముఖానికి అడ్డంగా పెట్టుకున్న ఆమె ఎడమ చేతి మీద సుత్తి దిగింది. ఎముక విరిగిన చప్పుడు ముందు ఆమె చెవులకే వినబడింది. నొప్పి తర్వాత వచ్చింది.

ఆసుపత్రి ఎమర్జెన్సీలో ముగ్గురినీ మూడు మంచాల మీద కూర్చోబెట్టారు. నర్సు వచ్చి, ఎలా జరిగిందని అడిగింది. ఫ్రెడ్రిక్ చితికిన పెదాలతో ఇంగ్లీషులో గబగబా చెప్పాడు. నిచ్చెన జారిందట, ముగ్గురం ఒకరి మీద ఒకరం పడ్డామట. చెబుతూ భార్య వైపు చూశాడు. ఈసారి అతను కాపాడుతున్నది తనని తాను కాదని, కొడుకునని ఆమెకు తెలుసు. నిజం చెబితే కొడుకు కూడా పోలీసుల చేతిలో పడతాడు.

ప్రేమలీల కూడా నర్సే. పన్ను విరిగినప్పుడు ఇలాంటి మంచం మీదే కూర్చుని, షవర్లో జారానని చెప్పింది. జోనథన్ పదేళ్ళప్పుడు చెయ్యి విరిగితే, సైకిల్ మీంచి పడ్డాడని తనే ఫారం నింపింది. అప్పుడు వాడు పక్కనే కూర్చుని తల్లి రాసేది చదువుతున్నాడు. వాడు చదువుతున్నాడని ఆమెకు తెలుసు.

"నిచ్చెన లేదు," అంది నర్సుతో. "నా భర్త నా కొడుకుని స్పానర్‌తో కొట్టాడు. నా కొడుకు నా భర్తని చంపబోయాడు. నేను మధ్యలో పడ్డాను. ఇది మొదటిసారి కాదు. ఇన్నాళ్ళూ నేనే అబద్ధాలు చెప్పాను."

"లీలా!" అన్నాడు ఫ్రెడ్రిక్. "వాడి లైఫ్ పాడైపోద్దే!"

"ఎప్పుడో పాడైందండీ. మనం చూళ్ళేదంతే."

పోలీసులు వచ్చి ముగ్గురితోనూ విడివిడిగా మాట్లాడారు. ఫ్రెడ్రిక్ పది రోజులు ఇంటి ఛాయలకు రాకూడదన్నారు. జోనథన్‌కు గట్టి హెచ్చరిక ఇచ్చి, అతని పేరు కూడా రాసుకుని వెళ్ళారు. ఫ్రెడ్రిక్ ఆక్లాండ్ పక్కన పాపటోయిటోయిలో ఉన్న పాత స్నేహితుడు విద్యాసాగర్ ఇంటికి వెళ్ళాడు. పది రోజులయ్యాక కూడా ఇంటికి రాలేదు. ప్రేమలీల రావద్దంది. కోపం అదుపు చేసుకోలేని మగవాళ్ళకు అక్కడ ప్రతి బుధవారం ఒక క్లాసు జరుగుతుందని విద్యాసాగర్ తీసుకెళ్ళాడట.

ఆరు వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, తల్లీకొడుకులతో మాట్లాడాలని ఫ్రెడ్రిక్ కబురు చేశాడు. ఇంట్లో వద్దని, హ్యాంగర్ దగ్గర కలుద్దామని ప్రేమలీలే చెప్పింది. ఆమె చేతికి ఇంకా కట్టు ఉంది. అతని ముక్కు కొంచెం వంకర తిరిగింది. మనిషి సగమయ్యాడు.

ఫ్రెడ్రిక్ కాంక్రీటు అంచున నిలబడ్డాడు. "కారణాలు చెప్పకుండా ఏం చేశామో చెప్పమన్నారు క్లాసులో," అన్నాడు. "నాకు రావట్లేదు లీలా. నోరు తెరిస్తే ముందు కారణమే వస్తోంది."

"ప్రయత్నించండి," అంది ఆమె.

"నీ పన్ను విరగ్గొట్టాను. వాడు పదేళ్ళ వాడు... వాడి చెయ్యి మెలిపెట్టి విరిచాను. పాలు ఒలకబోశాడని..." అక్కడ తల అడ్డంగా ఊపాడు. "లేదు. ఒట్టినే విరిచాను. వాడు తప్పు చేశానని వచ్చి నా ముందు నిలబడ్డాడు. నా జన్మలో నేను ఎవరి ముందూ అలా నిలబడలేదు. వాణ్ణి ఇనుముతో కొట్టాను."

జోనథన్ తండ్రి దగ్గరికి వెళ్ళలేదు. దూరంగా స్తంభానికి ఆనుకునే అడిగాడు. "డాడీ, ఆ బుధవారం క్లాసుకి నేనూ రావచ్చా?"

ఫ్రెడ్రిక్ అర్థం కానట్టు చూశాడు. "నువ్వెందుకు నాన్నా?"

"సుత్తి ఎత్తినప్పుడు నాకు బాగుంది డాడీ. చాలా బాగుంది. అప్పట్నించీ నాకు నా చేతులంటేనే భయం. ఆఫీసులో ఎవడో ఏదో అంటే పిడికిలి బిగుస్తోంది. నాకు రేపు పిల్లలు పుడితే?"

ఫ్రెడ్రిక్ ఆ కాంక్రీటు మీదే కూలబడి, చిన్నపిల్లాడిలా పెద్దగా ఏడ్చాడు. కొట్టిన దెబ్బలన్నీ వరసగా చెప్పినప్పుడు కూడా రాని ఏడుపు అది. తన నుంచి కొడుక్కి వెళ్ళింది విమానాల పిచ్చి ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది అతనికి. ప్రేమలీలకూ తెలిసింది. ఇల్లు నిలబెడుతున్నాననుకుని తను మౌనంగా ఉన్నన్నాళ్ళూ, వాడు చూస్తూ నేర్చుకుంటూనే ఉన్నాడు. ఆమె కళ్ళు ధారగా కారాయి. తుడుచుకోలేదు.

కాసేపటికి జోనథన్ వచ్చి తండ్రికి రెండు అడుగుల దూరంలో నేల మీద కూర్చున్నాడు.

"బుధవారం ఎన్నింటికి?" అన్నాడు.

"ఆరింటికి," అన్నాడు ఫ్రెడ్రిక్ వెక్కుతూ. "ఆక్లాండ్ దాకా డ్రైవ్ చెయ్యాలి నువ్వు. మూడు గంటలు."

"చేస్తాను."

ఫ్రెడ్రిక్ తలెత్తి భార్యను చూశాడు. "లీలా, నేను ఇంటికి..."

"ఇవాళ కాదండీ," అంది ఆమె. "ఎప్పుడో నేను చెప్తాను." తర్వాత తనూ వచ్చి, విరిగిన చేతిని ఒళ్ళో జాగ్రత్తగా పెట్టుకుని, ఇద్దరికీ ఎదురుగా కూర్చుంది.